వెళ్తాను అన్న గడి

రోజూ పొద్దున్న ఎనిమిదింటికి కామేశ్వరరావు మేస్టారు సైకిలు పడవెక్కించి, కొత్తపేట హైస్కూల్లో సైన్సు చెప్పడానికి బయల్దేరేవారు. ఆయనది గోదారి మధ్య చిన్న లంక. వాడపల్లి స్వామి దయవల్ల ఆ లంకలో ఒక ఏర్పాటుంది. “వెళ్ళొస్తాను” అని గడప దాటిన మనిషి, పై ఊళ్ళో పోయినా సరే, పదకొండో నాడు మధ్యాహ్నం ఇంటికొచ్చి, విస్తరి ముందు కూర్చుని, నాలుగు ముద్దలు తిని మరీ సెలవు తీసుకునేవాడు. రాజమండ్రిలో లారీ కింద పడ్డ బుచ్చిరాజుగారు అలాగే వచ్చేరు. బీరువా తాళం ఆవకాయ జాడీ వెనకాల ఉందని చెప్పి, మజ్జిగలో ఉప్పు తక్కువైందని పెళ్ళాన్ని కసిరి వెళ్ళేరు. ఎవరూ వింతగా చూడలేదు. మాటిచ్చేరు, వచ్చేరు. అంతే కదండీ!

మేస్టారికి మాత్రం అది చాల్లేదు. నోటుబుక్కులో రెండు గళ్ళు గీసేరు. “వెళ్ళొస్తాను” గడిలో పదిహేడు పేర్లు. “వెళ్తాను” గడి ఖాళీ.

“ఆ మాట అనకుండా వెళ్ళినవాడు రాకపోతేనే కదా, మాటకి బలముందని తేలేది!” అన్నారు పడవ నడిపే దానంతో.

“అయితే తమరే అలా అని, పోయి చూపించండి మేస్టారూ.”

“నేను పోతే బుక్కులో రాసేదెవరు?”

“ఆయ్, అదీ నిజమేనండి.”

డెబ్భై ఎనిమిది మార్చిలో ఆయన భార్య సీతారత్నంగారికి గుండె జబ్బు ముదిరింది. ఆపరేషనుకి తమ్ముడు కాకినాడ తీసుకెళ్తున్నాడు. బళ్ళో పరీక్షలు, మేస్టారు ఆదివారం వస్తానన్నారు. పడవెక్కి, ఆవిడ మొగుడి కేసి చూసి నవ్వేరు.

“వెళ్తానండి.”

దానం చేతిలో గెడ ఆగిపోయింది. “అమ్మగారూ! వస్తానని అనండమ్మా!”

“ఉండు దానం. ఆ గడి ఖాళీగా ఉందని ఏడాదిగా ఈయనకి తిండి సయించట్లేదు. నేను కాకపోతే ఇంకెవరంటారు?”

మేస్టారు వద్దనలేదు. వినండి, వద్దనకపోగా ఆయన మొహం వెలిగిపోయింది. జేబులోంచి పెన్ను తీసి, రేవు మెట్టు మీదే కూర్చుని పెళ్ళాం పేరు రాసుకున్నారు. తలెత్తేసరికి పడవ నడి ఏట్లో ఉంది.

శనివారం టెలిగ్రాం వచ్చింది.

పదకొండో నాడు అరిటాకు వేసేరు. ఆవిడకిష్టమని పక్కింటి సుబ్బాయమ్మగారు పనసపొట్టు కూర చేసి తెచ్చేరు. ఊరంతా వాకిట్లో కూర్చుంది. ఒంటిగంటైంది. మూడైంది. ఆకులో అన్నం ఎండిపోయింది.

“రావాలనే ఉంటుంది నాయనా,” సుబ్బాయమ్మగారు కళ్ళొత్తుకున్నారు. “మాట లేదు కదా, ఎలా వస్తుంది?”

మర్నాడు పడవలో దానం మొహం చూడకుండా అడిగేడు. “రుజువైనట్టేనాండీ?”



“ఒక్క మనిషితో ఏదీ రుజువవదు దానం. ఒక్కరు రాకపోతే దానికి వెయ్యి కారణాలుంటాయి.”

“ఆయ్,” అన్నాడు దానం.

ఆనాటి నుంచీ బళ్ళో మధ్యాహ్నం గంట కొట్టగానే మేస్టారు పడవ పట్టుకుని ఇంటికొస్తారు. రెండాకులు వేస్తారు. రెండో ఆకులో ముందు వడ్డించి, వీధి వాకిలి కేసి చూస్తూ కూర్చుంటారు.

ఎనిమిదేళ్ళయింది. లంకలో అందరికీ ఆ మాట మీద నమ్మకం ఇంకా గట్టిపడింది. మేస్టారు ఒక్కరే ఇప్పటికీ నమ్మలేదు.