గోళ్ళ దగ్గర ఆగిన పాట

ఎప్పుడూ ఈల వేస్తుండే ఈలగాడి శవాన్ని తోళ్ళు మోసే బండి మీదే తీసుకొచ్చారు. పైన రెండు పచ్చి తోళ్ళు కప్పారు. తోళ్ళ ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు నడుస్తోంది. వెనక, కూలీలుండే లైన్లలో ఆడవాళ్ళు కుళాయి దగ్గరున్నారు. బండి చప్పుడుకి ఎవరూ తల తిప్పలేదు, రోజూ వినేదే. తోళ్ళ అంచున కనిపించిన జుట్టుని ముందు గుర్తుపట్టింది అతని అక్క.

బండి వెంట కాంట్రాక్టరు బావమరిది వచ్చాడు. లైన్లన్నీ అతన్ని బావమరిది అనే అంటాయి, ఎదురుపడితే మాత్రం సార్ అంటాయి.

"తాగి కాలవలో పడ్డాడు. సైరన్ మోగేలోపు పూడ్చెయ్యండి," అన్నాడు.

"మా తమ్ముడు తాగడు సార్."

"ఇవాళ మొదలుపెట్టాడేమో. నాకు చెప్పి తాగుతాడా?"

అక్క ఏడవలేదు. "పొద్దున వాణ్ణి మురుగు తొట్టి కడగడానికి దింపారు. సగమే అయిందట. మిగతా సగానికి రేపు మా ఆయన్ని దిగమన్నారు. కాలవలో పోయుంటే వేరే సంగతి. తొట్టిలో పోయుంటే నాకిప్పుడే తెలియాలి," అంది.

నేను కార్మిక సంఘం ఆఫీసులో కట్లు కట్టి మాత్రలిచ్చే మనిషిని. మూసిన తొట్టిలో గాలి మనిషిని ఎలా చంపుతుందో చదువుకున్నాను. చాలాసార్లు చెప్పాను కూడా. లైన్లు మర్యాదగా విని, మళ్ళీ తొట్టిలోకి దిగేవి. అవి నమ్మేది పిన్నిని.

పిన్ని ఒకప్పుడు తోళ్ళు గీకేది. శవాలకి నీళ్ళు పోసే పని ఎవరూ అప్పజెప్పకుండా తనే ఎత్తుకుంది. ఆమె పసిబిడ్డ ఆసుపత్రిలో పోతే, గుడ్డలో చుట్టిచ్చి, విప్పకుండా పూడ్చమన్నారట. బిడ్డ ఒంటిమీద ఏముందో ఆ తల్లికి తెలియలేదు. పోయినవాళ్ళ ఒంటిమీద ఏముందో వాళ్ళకి ఒక్కసారి చెప్పి పంపాలన్నది అప్పటినుంచీ ఆమె నమ్మకం. తల నుంచి పాదాల దాకా కడుగుతూ, చేతికి తగిలింది తగిలినట్టు పాడుతుంది. తడిక బయట నిలబడ్డవాళ్ళు ప్రతి మాటా తిరిగి అనాలి. అబద్ధం పాడితే పోయినవాడు తన ఒంటిని వెతుక్కుంటూ తిరుగుతాడని ఆమెకి భయం.

నా భార్యకి నీళ్ళు పోసినప్పుడు పిన్ని ముందు వాటిని వెచ్చబెట్టింది. "ఇంకా చలేస్తుందా పిన్నీ ఆమెకి?" అని అడిగాను. "ఆమెకి కాదు బాబూ. చూస్తున్నావే, నీకు," అంది.

సంఘం కార్యదర్శికి ఆ పాటంటే పడదు. దయ్యాల పాట అని వెక్కిరించేవాడు. ఇవాళ తనే పరిగెత్తుకొచ్చాడు.

"పిన్నీ, తొట్టిలో చచ్చాడని పాడు. లైన్లన్నీ లేస్తాయి."

"ఒంటిమీద ఉంటే పాడతాను."

"లేకపోయినా నిజం అదే కదా!"

"నీకు నిజం. నా చేతులకింకా కాదు."

"నీ భయం కోసం పోరాటం ఆగాలా?"

"ఆ భయం లేకపోతే నా పాట నీకెందుకు నాయనా? నువ్వే పాడుకో."

అతని గొంతు సంగతి తెలిసినవాళ్ళు అంత దుఃఖంలోనూ నవ్వారు. బావమరిది కూడా నవ్వి, పిన్ని దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "అదీ మాట. ఒళ్ళు చెక్కుచెదరలేదని పాడు. నువ్వుంటున్న గది కంపెనీదని గుర్తుంది కదా?"

పిన్ని తడిక వెనక్కి వెళ్ళి, నన్ను పిలిచింది. "నీళ్ళు నువ్వు పొయ్యి బాబూ. నా చేతిలో చెంబు నిలవట్లేదు."

పోశాను. ఆమె పాట ఎత్తుకుంది.

"ఇదిగో నాయనా నీ నుదురు, దెబ్బ తగలని నుదురు."

"దెబ్బ తగలని నుదురు," అంది బయటి జనం. బావమరిది తలాడించాడు.

"ఇదిగో నీ చెవులు, కాలవ మట్టి చేరని చెవులు."

"కాలవ మట్టి చేరని చెవులు."

"ఇదిగో నీ చంకలు, తాడు ఒరిసిన చంకలు."

జనం అలవాటుగా తిరిగి అనేశారు. అన్న తరవాత అర్థమైంది, చంకల కింద తాడు కట్టేది తొట్టిలోకి దింపడానికేనని. ఎవరో మూలిగారు. నేను తడిక సందులోంచి చూశాను. బండి తోసుకొచ్చిన కూలీల పెదాలూ కదులుతున్నాయి. వాళ్ళ వాళ్ళకీ పిన్నే నీళ్ళు పోసింది.

ఆమె అతని కుడిచెయ్యి ఎత్తి, వేళ్ళు విప్పి, ఆగిపోయింది. గోళ్ళు సగానికి విరిగి ఉన్నాయి. వాటి సందుల్లో సిమెంటు గార. బతికుండగా తొట్టి గోడ గీకాడు. ఆ చేతిని ఆమె తన చెంపకి ఆనించుకుంది. అక్క వింటోందని ఆగిందో, తన గది గుర్తొచ్చి ఆగిందో నాకు తెలియదు. నేనైతే అక్కడే ఆపేసేవాణ్ణి.

బయటినుంచి అక్క గొంతు వినిపించింది. "చెప్పు పిన్నీ. రేపు దిగేది మా ఆయన."

"ఇదిగో నాయనా నీ గోళ్ళు," అంది పిన్ని. అది పాటలా లేదు. "గోడ గీకి విరిగిన గోళ్ళు. సిమెంటు గోడ."

కార్యదర్శి ఆ మాటల్ని శ్రుతి లేకుండా, గట్టిగా తిరిగి అన్నాడు. అప్పుడు అందరూ అన్నారు.

శవాన్ని శ్మశానానికి కాక ఫ్యాక్టరీ గేటుకి మోశారు. పోలీసులు లాక్కున్నారు. కాపలా పెట్టి వాళ్ళే పూడ్చారు.

"ఎవరిదీ పాట?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నాదే," అంది పిన్ని.

"మా అందరిదీ," అన్నాడు కార్యదర్శి.

"అందరూ పట్టరు జీపులో. ముసలమ్మ చాలు."

ఆమె చేతులింకా తడిగానే ఉన్నాయి. ఎక్కించే ముందు ఒక ఆడ కానిస్టేబులు ఎవరూ చూడకుండా తన చేతిరుమాలుతో వాటిని తుడిచింది.

సాయంత్రానికి పిన్ని సామాను వీధిలో ఉంది. ఇరుగుపొరుగులు తలా ఒకటి లోపలికి తీసుకెళ్ళారు.

తెల్లారి సైరన్ మోగింది. మిగతా సగం కడగాలన్నారు. తొట్టి మూత తీసే ఉంది. దాని చుట్టూ ఈగ కూడా వాలలేదు. బావమరిది తాడు పట్టుకుని అక్క భర్తని పిలిచాడు. నలుగురిలో నోరెత్తని మనిషి అతను. గేటు దగ్గరే నిలబడి రెండు చేతులూ చాపాడు.

"ఇదిగో నా గోళ్ళు," అన్నాడు. "పదీ ఉన్నాయి."

బావమరిదికి ముందు అర్థం కాలేదు.

"పదీ ఉన్నాయి," అంది వెనకనున్న జనం.

"ఇదిగో నా రొమ్ము. ఊపిరి ఆడుతోంది."

"ఊపిరి ఆడుతోంది."

"నోర్ముయ్యండి! బతికున్నోళ్ళకి పాడతార్రా ఎవరైనా?"

"బతికుండగానే పాడతాం సార్," అంది అక్క.

రోడ్డు మలుపులో జీపుల చప్పుడు వినిపించింది. ఈసారి ఒక్కటి కాదు. లాఠీలు నేలకి కొడుతూ దిగుతున్నారు. నా పక్కనున్న కార్యదర్శి నా చెయ్యి పట్టుకున్నాడు. అది చల్లగా ఉంది, నాదీ అలాగే ఉంది. పాటలో నడుములయ్యాయి, మోకాళ్ళయ్యాయి. పాట పాదాల దాకా వచ్చింది.

ఎవరి పాదాలూ కదల్లేదు.