పెద్దక్క చీర

హుసేనమ్మ కర్నూలులో కాన్పుల ఆసుపత్రి ఎదురుగా, కానుగ చెట్టు నీడలో యూరియా సంచి పరిచి, దాని మీద పసిబిడ్డల బొంతలు పేర్చింది. పైనున్నదాన్ని కిందికీ, కిందున్నదాన్ని పైకీ మార్చింది. మళ్ళీ మార్చింది. కోయిలకుంట్లలో తొలి బస్సు ఎక్కినప్పటి నుంచి ఆమె చేతులకు నిలకడ లేదు.

ఎలా ఉంటుంది? ఈ సాయంత్రం గుంటూరు మిరప కోతలకు లారీ వస్తుంది. మూట అమ్ముడుపోకపోతే, ఆమెతో కలిసి కుట్టే ఆడవాళ్ళంతా పిల్లలను బడి మాన్పించి ఆ లారీ ఎక్కుతారు. “ఇంగొక్కపారి పోయొస్తా. ఇదీ తిరిగొస్తే మీతోపాటు నేనూ ఎక్కుతా” అని ఆమే మాటిచ్చింది.

ఆ కోతలు ఆమెకు కొత్త కాదు. దూది ఏకే భర్త ఇమాం బాషాకు ఫోం పరుపులు వచ్చాక పని పోయింది. ఆ తర్వాత దగ్గుతో ఆయనా పోయాడు. అప్పటి నుంచి ఏటా చలికాలం మిరప చేలలోనే. ఆ కారం చేతులతో ఏడ్చినా కళ్ళు తుడుచుకోలేరు. ఆమెకు మిగిలింది ఆయన పక్కన కూర్చుని పరుపులు కుట్టిన సూది ఒక్కటే. దాన్ని నమ్ముకునే తమ పేటలో ఆడవాళ్ళను పోగేసి బొంతల పని మొదలుపెట్టింది.

మొదలుపెట్టి బోర్లా పడింది. కొనేది పట్నం వాళ్ళు కదా, తమ పేదరికం కనపడకూడదని, అంగట్లో పూలపూల కొత్త గుడ్డ తెచ్చి కుట్టించింది. ఆసుపత్రి ముందు అవ్వలు వచ్చారు, తడిమారు, గుడ్డ గరగరలాడితే మొహం చిట్లించి వెళ్ళిపోయారు. మూట మూటగానే తిరిగొచ్చింది.

పేటలో అందరికన్నా పెద్దది కాబట్టి అందరూ పెద్దక్క అని పిలిచే ముసలామె ఆ బొంతను చెంపకు ఆనించుకుని మండిపడింది.

“నీ కూతురు పుట్టినప్పుడు దేంట్లో పండుకోబెట్టినావే? కొత్త గుడ్డలోనా?”

కాదు, అత్త పాత చీరలో. ఎవరి బిడ్డనైనా అంతే, పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన చీరలోనే తొలుత పడుకోబెడతారు. ఇంతమంది తల్లులుండి ఒక్కరికీ తట్టలేదు. తట్టినా సిగ్గుపడి నోరు మెదపలేదేమో! పెద్దక్క తన పెట్టె ఖాళీ చేసింది. మిగతా ముసలమ్మలూ చీరలు తెచ్చారు. వాటిని ఉడుకునీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి, పొరలు పొరలుగా కుట్టినవే ఇవాళ్టి బొంతలు.

పట్టుచీర కట్టుకున్న ఒకావిడ ఆగింది. మనవరాలు పుట్టిందట. ఒక బొంత తీసి చాలాసేపు నిమిరింది.

“ఎవరి చీరలమ్మా ఇవి?”

కూలోళ్ళ చీరలంటే పారేసి పోతుందేమో. నోటిదాకా వచ్చిన అబద్ధాన్ని హుసేనమ్మ మింగేసింది.

“మా పేటలో ముసలోళ్ళవమ్మా. కూలి చేసుకునేటోళ్ళం. నీ చేతిలోది పెద్దక్కది. తొంబై దాటినా సూదిలో దారం ఆమే ఎక్కిస్తాది. తొమ్మిదిమందిని కనింది, అందరూ సల్లగా ఉండారు.”

ఆవిడ బొంతను కళ్ళకద్దుకుంది. “ఆమె ఆయుష్షు మా పాపకు రానీ” అంటూ ఇంకొకటి కూడా తీసుకుంది.

అంతే, ఆ మాట వార్డుల్లోకి పాకింది. అవ్వలు, మేనత్తలు, కొత్త తండ్రులు వచ్చి పడ్డారు. పెద్దక్క చీరే కావాలని ఇద్దరు అవ్వలు ఒకే బొంతను చెరో కొసా పట్టుకుని లాగారు. పక్కన పసిపిల్లల సామాన్ల అంగడి రంగనాథ్, మొన్న తన అంగట్లో మూట కూడా విప్పనివ్వని మనిషి, గల్లా వదిలి బయటికొచ్చాడు.

“వారం వారం ఎన్ని తెచ్చినా నాకే ఇయ్యమ్మా.”

“తెస్తాలేప్పా. అంగడి బోర్డు మీద మా పేట పేరు రాయాల మరి.”

అడిగాక ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆయన సరేనన్నాడు.

పేటకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. కోయిలకుంట్లలో బస్సు దిగి పరుగుపెట్టింది. లారీ ఇంజన్ ఆడుతోంది. సామాన్లు ఎక్కాయి, పిల్లలు ఎక్కారు. రోజూ ఆమె పక్కన కూర్చుని కుట్టే ఓబులమ్మ ఒక కాలు లారీ మీద పెట్టి ఇటే చూస్తోంది.

హుసేనమ్మ ఖాళీ సంచిని తిరగేసి దులిపింది.

“దిగండే! ఒక్కటి మిగల్లేదు. వారం వారం కావాలంట!”

ఓబులమ్మ కెవ్వున కేకేసి దిగి ఆమెను కావలించుకుంది. పిల్లలు దూకారు. ఎక్కిన సామాన్లన్నీ దిగాయి. కూలీల కోసం లారీతో వచ్చిన మేస్త్రీ అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. పెద్దక్క గడపలో కూర్చుని బోసినోటితో నవ్వింది.

“ఇంగ నా ఒంటి మీద చీర కూడా ఉండనీరు మీరు!”

హుసేనమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళలో ఇంత సంతోషం ఆమె ఎరగదు.

చీకటి పడేలోపే లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. దుమ్ము అణిగాక చూస్తే, రోడ్డు పక్కన ఓబులమ్మ ఊరగాయ జాడీ ఉంది. కోతలు అయిపోయేదాకా సరిపోవాలని అంచులదాకా నింపింది, మూతికి కట్టిన గుడ్డ ఇంకా విప్పలేదు.