హవొద్ ఇంటి పొడుగు బల్ల

నాంత్‌హెలిగ్ లోయలో ఉన్ని కోతకి ఎవరూ ఎవరినీ పిలవరు. ఏ ఇంటికి ఏ రోజో తాతల నాడే తేలిపోయింది. జులై మొదటి గురువారం హవొద్ వాళ్లది. ఆ తర్వాతి మంగళవారం బ్రిన్‌గ్లాస్ వాళ్లది. అలా కొండ చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఊరి ప్రార్థనలు జరిగే చాపెల్ పక్క ఇంటి దగ్గర ఆగుతుంది. రోజు వస్తే చాలు, తెల్లారేసరికి కుక్కలు ముందు, మనుషులు వెనక, కత్తెరలు చంకన పెట్టుకుని దిగిపోతారు. ఎవడైనా పనిగట్టుకుని పిలిచాడంటే, పొద్దు పొడవమని సూర్యుణ్ణి బతిమాలేవాణ్ణి చూసినట్టు చూస్తారు. కూలి మాట ఎవరూ ఎత్తరు. ఇవాళ నీ గొర్రెలకి నేను, రేపు నా గొర్రెలకి నువ్వు. మధ్యాహ్నం మాత్రం ఆ ఇంటి ఇల్లాలు బల్ల వేసి అందరికీ భోజనం పెట్టాలి. ఎవరి బల్ల ఎలా ఉందన్న సంగతి మళ్లీ వేసవి దాకా చాపెల్ మెట్ల మీద నలుగుతూనే ఉంటుంది.

ఆ బల్లలన్నిటికీ పెద్ద బల్ల హవొద్ ఇంటి నెస్టాది.

నెస్టా చాపెల్లో గొంతెత్తితే పక్కవాళ్లకి కూడా స్వరం తప్పేది. అందుకని పెదాలు మాత్రం కదిపి ఊరుకునేది. పండగ పోటీల్లో పద్యం చెప్పమంటే సగంలో మర్చిపోయి కూర్చునేది. తక్కిన ఆడవాళ్లకి పాటో, గొప్ప పుట్టిల్లో, చదువుకున్న కొడుకో, చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉంది. నెస్టాకి ఉన్నదల్లా ఏడాదిలో ఆ ఒక్క మధ్యాహ్నం. ఉప్పులో ఊరబెట్టి ఉడికించిన పంది తొడ, వెన్న కరుగుతున్న కొత్త దుంపలు, ఎండుద్రాక్ష రొట్టె, పైన మీగడ ఎర్రగా మాడిన పాలన్నం. ఆ మాడు ముక్క కోసం చాపెల్ పెద్దలు చెంచాలతో కత్తియుద్ధం చేసేవాళ్లు. ఒకసారి ఎలిస్ తాత కట్టుడు పళ్లు అందులో దిగబడిపోతే, పళ్లనైనా వదిలాడు గాని మాడు వదల్లేదని చెప్పుకుంటారు.

ఇక ఆవిడ మొగుడు ఇద్వల్. ఉన్ని కోసేది ఏడాదికి కొన్ని రోజులే గాని, కోతలు కోసేది ఏడాది పొడుగునా. మనిషి చెడ్డవాడు కాదు. నాలుక చివర మాట వచ్చి నిలబడితే దాన్ని మింగడం చేతకాదు, అంతే.

పోయిన ఏడు అతనికి మిషను పిచ్చి పట్టింది. న్యూజిలాండు నుంచి ఇద్దరు కుర్రాళ్లొచ్చి, ఇంజనుకి తగిలించిన కత్తెరలతో పక్క లోయలో ఇంటింటికీ తిరుగుతున్నారని విన్నాడు. వాళ్లని రప్పించాడు. అదీ తన గురువారం నాడే.

"మనవాళ్లకి రావద్దని చెప్పి రావయ్యా," అంది నెస్టా.

"పిలిచామా ఏంటి, వద్దనడానికి?" అన్నాడు ఇద్వల్.

పిలవని పనికి మానమని చెప్పే పద్ధతి ఆ లోయలో లేదు. అందుకని తెల్లారేసరికి అందరూ వచ్చారు. గేటు దగ్గర నిలబడి ఇంజను చప్పుడు విన్నారు. బ్రిన్‌గ్లాస్ టెగ్విన్ టోపీ సర్దుకున్నాడు, కుక్కకి ఈల వేశాడు, వెనక్కి తిరిగాడు. అతని వెనకే అందరూ. ఆ రోజు నెస్టా పొయ్యి మీద నలుగురికి సరిపడా దుంపలే ఉన్నాయి. వాళ్లు కొండ మలుపు తిరిగేదాకా ఆవిడ పరదా చాటునుంచి కదల్లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ తర్వాతి వారం గొర్రెల సంతలో, పక్క లోయవాళ్లు చుట్టూ చేరి ఉండగా ఎవడో అడిగాడు, "ఏం ఇద్వల్, మిషను ఖరీదు పడలేదా?" అని.

"ఖరీదా! మా ఊళ్లోవాళ్ల తిండి చూశావా నువ్వు? పొద్దున్న గొర్రెకి ఉన్ని తీస్తారు, మధ్యాహ్నం నాకు తోలు తీస్తారు. ఎలిస్ తాత ఒక్కడు మింగే పంది తొడ ఖరీదుకి ఇంకో మందని గొరిగించుకోవచ్చు!"

పరాయివాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. వాళ్ల వెనక టెగ్విన్ ఒక గొర్రె మూతి విప్పి పళ్లు చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు.

ఆ శీతాకాలమంతా హవొద్ వాళ్లతో ఎవరూ మాట మానలేదు. నెస్టాకి భయం వేసింది అందుకే. కనపడితే వాన గురించి మాట్లాడేవాళ్లు. ఇంకాస్త ఆగితే గాలి గురించి. కోపం లేనివాళ్లు ఆ లోయలో వాన గురించి అంతసేపు మాట్లాడరు.

మళ్లీ జులై వచ్చింది. మిషను కుర్రాళ్లు దక్షిణాన పెద్ద పెద్ద మందలు దొరికాయని ఇటు మొహం చూపించలేదు. ఇద్వల్‌కి చీమ కుట్టినట్టయినా లేదు.

"గురువారం అందరూ వస్తార్లే."

"ఒక్కసారి టెగ్విన్ దగ్గరికి వెళ్లు. నోరు జారిందని చెప్పు. నీకేం అరిగిపోదు," అంది నెస్టా.

"జారడమేంటి? అది హాస్యం! హాస్యమాడి తప్పయిందని చెప్పుకుంటే ఇక నేను బతికుండి ఏం లాభం?"

"వాళ్లు రాకపోతే నా బల్ల ఏం గాను?"

"వెయ్యి, నువ్వు వెయ్యి. పంది తొడ వాసన తగిలితే ఎలిస్ తాత సమాధిలోంచైనా లేచొస్తాడు."

నెస్టా వేసింది. అటకమీంచి పొడుగు బల్ల చెక్కలు దింపించి తోమింది. అత్తగారి నాటి తెల్లగుడ్డ ఉతికి పరిచింది. మామూలుగా చేసేదానికి ఇంకొంచెం ఎక్కువే చేసింది. పాలన్నం రెండు పెద్ద గిన్నెల్లో పెట్టింది. వస్తే పోయిన ఏటి లోటు కూడా తీరిపోవాలని ఆవిడ ఆశ. రాకపోతే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంకో రొట్టెకి పిండి కలిపింది.

గురువారం తెల్లారింది. గేటు కూడా కనపడనంత పొగమంచు. చెవులు రిక్కించుకుని గుమ్మంలో నిలబడింది. ముందు ఒక కుక్క మొరిగింది. తర్వాత ఇంకోటి. తర్వాత రాళ్ల దారిమీద మేకుల బూట్ల చప్పుడు. మంచులోంచి టెగ్విన్, అతని వెనక ఒకడి వెనక ఒకడు లోయ లోయంతా. చివర్న ఎలిస్ తాత, కర్ర పొడుచుకుంటూ.

నెస్టా లోపలికెళ్లి వంటకి నడుముకి కట్టుకున్న ముందుగుడ్డ కొంగులా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ మీదట దుంపల కింద మంట ఎగదోసింది.

పనికి పేరు పెట్టడానికి లేదు. కొండమీంచి మంద పాలు పొంగినట్టు పొర్లుకుంటూ దొడ్డిలోకి దిగింది. పీటల మీద కూర్చుని, గొర్రెని ఒళ్లో వెల్లకిలా వేసుకుని కత్తెరలు ఆడించారు. ఒక్క గొర్రెకి గాటు పడలేదు. ఎలిస్ తాత ఉన్ని చుట్టలు చుట్టి గోడకి పేర్చాడు. ఇద్వల్ ఒక పీట నుంచి ఇంకో పీటకి తిరుగుతూ కబుర్లు చెప్తే, తలాడించారు కూడా.

మిగతా ఇళ్ల ఆడవాళ్లే రాలేదు. ఏటా టెగ్విన్ భార్య మేనిర్ తన పెద్ద టీ కూజా పట్టుకుని వడ్డనకి వచ్చేది.

"మేనిర్ ఏది టెగ్విన్?"

"తలనొప్పి అంది నెస్టా."

అందరి ఇళ్లలోనూ ఒకేరోజు తలనొప్పా అని అడగబోయి ఊరుకుంది. మగవాళ్లు వచ్చారు, చాలు. వడ్డించుకోవడం ఎంతసేపు?

మధ్యాహ్నమైంది. గుమ్మంలోకొచ్చి, "రండి రండి, చల్లారిపోతాయి!" అని కేకేసింది.

కత్తెరలు ఆగాయి. అందరూ లేచారు. ఏటా కడుక్కున్నట్టే తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నారు. ఏటా తుడుచుకున్నట్టే తుడుచుకున్నారు. గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం పక్కనుంచే రాతిగోడ దగ్గరికి వెళ్లారు. గోడమీద తగిలించిన కోట్ల జేబుల్లోంచి కాగితం పొట్లాలు తీశారు. చాపెల్ బెంచీ మీద కూర్చున్నట్టు వరసగా కూర్చుని పొట్లాలు విప్పారు. ఎండు రొట్టె, చీజు ముక్క. సీసాల్లో చల్లారిన టీ.

నెస్టాకి కాసేపు అర్థం కాలేదు. "టెగ్విన్! లోపల అంతా వడ్డించి ఉంది."

టెగ్విన్ టోపీ తీశాడు. "తెలుసు నెస్టా, వాసన వస్తోంది. మాకు మేం తెచ్చుకున్నాంలే. మీకెందుకు ఖర్చు?"

"ఖర్చేంటి నీ మొహం! ఎన్నాళ్లనించి తింటున్నారు నా బల్ల మీద?"

"అదేగా. ఎన్నాళ్లనించో తింటున్నాం. మాకు తెలీలేదు."

ఎలిస్ తాత రొట్టె నమలడం ఆపాడు. ఆయన కళ్లు వంటింటి గుమ్మం మీదనుంచి కదలడం లేదు. "నాకు ఇదే ఎక్కువ తల్లీ," అన్నాడు. "ముసలి పొట్ట."

ఇద్వల్ గట్టిగా నవ్వాడు. "ఒరేయ్, చాల్లే నాటకం! లేవండ్రా!" ఎవరూ లేవలేదు. ఎవరూ కోప్పడనూ లేదు. నవ్వు ఎక్కడ ఆపాలో తెలీక ఇద్వల్ ఇంకొంచెం నవ్వాడు.

నెస్టా లోపలికెళ్లి పంది తొడ పళ్లెం ఎత్తుకుని వచ్చింది. గోడ ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక్కొక్కరి ముందూ ఆగింది.

"వద్దు నెస్టా, నిండిపోయింది."

"చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది నెస్టా. ఇంకోసారి."

"నీ చేతి వంటకి పేరు పెట్టేదేముంది. వద్దులే అమ్మా."

ఎంత మర్యాదో! ఒక్కడు తిట్టినా తిరిగి తిట్టేది. గోడ చివరికి వచ్చేసరికి మనుషులు అయిపోయారు. గడ్డిలో కుక్కలు పడుకుని ఉన్నాయి. నెస్టా వంగి పళ్లెం వాటి ముందు పెట్టింది.

కుక్కలన్నీ ఒక్కసారి లేచాయి. టెగ్విన్ కుక్క ముక్కు మాంసానికి తగిలింది. అప్పుడు టెగ్విన్ ఈల వేశాడు, కొండమీద గొర్రెల్ని తరిమే కుక్కని ఉన్నచోట ఆపేసే ఈల, మెత్తగా. కుక్క చప్పున పడుకుంది. గోడ పొడుగునా ఒకటి తర్వాత ఒకటి ఈలలు వినపడ్డాయి. కుక్కలన్నీ పడుకున్నాయి, నోళ్లనుంచి సొంగ కారుతుండగా. ఆ మధ్యాహ్నం నెస్టా వంట తిన్నది హవొద్ కుక్క ఒక్కటే. పాపం, దాన్ని ఆపాలని దాని యజమానికి తోచలేదు.

సాయంత్రానికి చివరి గొర్రె కూడా తెల్లగా, చలికి వణుకుతూ కొండెక్కింది. "వెళ్లొస్తాం నెస్టా," అని ఒక్కొక్కరూ గుమ్మంలో చెప్పి మరీ వెళ్లారు.

ఇద్వల్ పొడుగు బల్ల చివర ఒక్కడే కూర్చుని దుంపలు వడ్డించుకున్నాడు. "మంచిదే, ఆదివారం దాకా నువ్వు పొయ్యి వెలిగించక్కర్లేదు," అన్నాడు.

నెస్టా అతన్ని చూసింది. అతను ఫోర్కు కింద పెట్టాడు.

"మంగళవారం బ్రిన్‌గ్లాస్‌కి నేను రాను," అంది.

"రాకపోతే ఎలా? వాళ్లు మనకి వచ్చారుగా."

వచ్చారు. చెయ్యాల్సిన పనంతా చేశారు. ఎవరికి చెప్పుకున్నా, "మరి ఏం తక్కువ చేశారమ్మా?" అనే అంటారు. మంగళవారం నెస్టా మంచి ముందుగుడ్డ కట్టుకుని బ్రిన్‌గ్లాస్‌కి నడిచింది.

మేనిర్ వంటింట్లో ఆడవాళ్లు కిటకిటలాడుతున్నారు. మధ్యాహ్నం మగవాళ్లంతా లోపలికొచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. ఇద్వల్ మాత్రం తొట్టి దగ్గరే చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు, కడిగిన చేతులే మళ్లీ మళ్లీ.

"ఏంట్రా, తోలు ఊడేదాకా కడుగుతావా?" టెగ్విన్ కేకేశాడు. "రా, వచ్చి ఎలిస్ తాత పక్కన కూర్చో. ఎవరెక్కువ మింగుతారో చూద్దాం!"

ఇల్లంతా ఘొల్లుమంది. ఇద్వల్ కూడా నవ్వాడు, కళ్లలో నీళ్లు వచ్చేంతగా. వచ్చి కూర్చున్నాడు. మేనిర్ అందరికంటే పెద్ద పళ్లెం అతని ముందే పెట్టింది. రెండో వడ్డన వచ్చేసరికి అతని నాలుక దాని దారిన అది పడింది.

"మా నాన్న పొట్టేలు కొమ్ము మెలికలు మీరు చూడలేదు. ఒక పిచ్చుక దారి తెలీక కొమ్ము మొదట్లో దూరింది. మెలికలు తిరిగి తిరిగి చివరికి బయటికొచ్చేసరికి దానికి మనవలు పుట్టేశారు!"

"ఆ మనవలకి పెళ్లిళ్లు చేసింది నువ్వేనా?" అన్నాడు ఎలిస్ తాత.

"చేశాను. పెళ్లి భోజనానికి నిన్ను పిలవలేదని నీకు కోపం!"

ఎలిస్ తాత బల్ల గుద్ది నవ్వాడు. "దొరికాడ్రా, మన ఇద్వల్ మనకి దొరికాడు!"

టీ కూజా పట్టుకుని నెస్టా వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. మేనిర్ దగ్గరికొచ్చి మోచెయ్యి పట్టుకుంది.

"విన్నావుగా, అంతా కడిగేసుకున్నారు. నువ్వు మనసులో పెట్టుకోకు నెస్టా. మీ ఆయనకి బుద్ధి చెప్పాలనేగా."

"బుద్ధి ఆయనకి. బల్ల నాది."

"అయ్యో, మగాళ్ల సంగతి తెలిసిందేగా..."

"నీ తలనొప్పి తగ్గిందా మేనిర్?"

మేనిర్ పొయ్యి వైపు తిరిగి గరిటె వెతుక్కుంది.

నెస్టా బల్ల చుట్టూ తిరిగి టీ పోసింది. టెగ్విన్‌కి పోసింది. మొగుడికి పోసింది. ఎలిస్ తాత దగ్గరికొచ్చేసరికి ఆయన ఆవిడ మణికట్టు పట్టుకుని, ఎవరికీ వినపడకుండా అన్నాడు, "ఆ వాసనకి ఆ రాత్రి నిద్రపట్టలేదు తల్లీ. వచ్చే ఏడు మాడు ముక్క నాకుంచు."

కప్పు అంచుదాకా నిండింది. నెస్టా చెయ్యి విడిపించుకుని పక్క కప్పు దగ్గరికి వెళ్లింది.

ఇంటికి వెళ్లే దారంతా ఇద్వల్ ఈల వేస్తూ నడిచాడు. కడుపు నిండింది, మనసు తేలికపడింది.

"చూశావా? దేనికి భయపడ్డావో! వచ్చే ఏడు రెండు తొడలు ఉడికించు. పోటీ పడి తింటారు."

"వచ్చే ఏడు మిషనువాళ్లని పిలిపించు," అంది నెస్టా.

"మళ్లీనా! లోయలో తలెత్తుకు తిరగగలమా?"

"నీ తల ఎత్తే ఉందిగా."

ఇద్వల్ నవ్వాడు. మాట బాగా పేలింది, హాస్యం తెలిసినవాడు ఒప్పుకోవాలి. ఇక ఆవిడ కూడా నవ్వుతుందని పక్కకి తిరిగి చూశాడు. నెస్టా దారి చూసుకుంటూ నడుస్తోంది. వాన మొదలైంది. హవొద్ గేటు వచ్చేదాకా అతను ఆ ముఖంలోకి చూస్తూనే ఉన్నాడు.