కోత అంటే ఆగే పిల్ల

అద్దాల కొట్టువాళ్లు పిల్లకి పిచ్చిమందు మింగిస్తున్నారని మేడ మీదావిడ కిరాణా కొట్లో అందట. అది మింగినప్పటి నుంచీ పిల్ల ఉలుకూ పలుకూ లేకుండా గోడకేసి చూస్తూ కూర్చుంటోందని కిరాణా ఆవిడ దానికో తోక తగిలించిందట. అత్త చేతిలోని సంచీ అయినా దించకుండా ఆ మాట మోసుకొచ్చి కోడలి ముందు కుమ్మరించింది. గోడకేసి చూస్తూ కూర్చుందన్న పిల్ల ఆ సమయానికి తలుపు గొళ్లెం పట్టుకుని వేలాడుతూ, రెండో చెప్పు ఎక్కడ పారేసిందో తెలియక ఇల్లెగిరిపోయేలా అరుస్తోంది.

కోడలికి నవ్వు రాలేదు. మందు ఇంకా ఇంటి గడప తొక్కనే లేదు. శిక్షణా, మాత్రా, ఏదో ఒకటి తేల్చుకుని రమ్మని డాక్టరమ్మ కొంత గడువిచ్చింది, అంతే.

ఐదేళ్ల ఆ పిల్లని ఇంట్లో అందరూ బొంగరం అంటారు. బడిలో కూర్చోదు, కూర్చున్నవాళ్లని కూర్చోనివ్వదు. పంతులమ్మ పంపిన కబుర్లు పడలేక డాక్టరమ్మకి చూపిస్తే, ఏడీహెచ్‌డీ అంది. ఒళ్లు కుదురుగా ఉండదు, ధ్యాస ఒకచోట నిలవదు, తోచిందే తడవు చేసేస్తుంది. అది పొగరూ కాదు, పెంపకం లోపమూ కాదు, మెదడు తీరే అంత అని విడమరిచి చెప్పింది. ఇంత చిన్న వయసులో ముందు శిక్షణ అమ్మానాన్నలకేనట. పిల్లకి పని ఎలా చెప్పాలో, దేన్ని వెంటనే మెచ్చుకోవాలో, దేన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యాలో నేర్పుతారు. వారానికో పూట, ఇద్దరూ రావాలి. అది చాలకపోతే అప్పుడు మాత్ర సంగతి చూద్దామంది.

ఆ ఇల్లు బొంగరాలు తిరిగే చోటు కాదు. ముందు కొట్టు, వెనక కాపురం, మధ్యలో ఒక పరదా. ఇవతల పొయ్యి, అవతల చెక్క స్టాండుకి ఒరిగిన నిలువుటద్దాలు. పిల్ల తండ్రి అద్దం కోస్తాడు, తల్లి ఫ్రేములు బిగిస్తుంది. అద్దం మీద కట్టర్ ఒక్కసారే, ఒక్క ఊపునే లాగాలి. చెయ్యి మధ్యలో తడబడినా, గీసిన గీత మీదే మళ్లీ గీసినా అద్దం తనకిష్టమైన దారిన పగులుతుంది. అందుకని కట్టర్ ఆనించే ముందు అతను "కోత" అని కేకేస్తాడు. ఆ కేక చెవిన పడితే ఎవరెక్కడుంటే అక్కడే ఆగిపోవాలి. అత్త గరిటె ఆగుతుంది, ఆమె సుత్తి ఆగుతుంది. వింతేమిటంటే, నడక వచ్చిన నాటి నుంచీ బొంగరమూ ఆగేది. ఒంటికాలి మీదుంటే ఒంటికాలి మీదే, కొంగలా.

అతను ఆ ఒక్కటీ పట్టుకుని కూర్చున్నాడు. జబ్బున్న పిల్లయితే అప్పుడు మాత్రం ఎలా ఆగుతుంది? ఆగడం చేతకాక కాదు, ఆగాలని లేక. శిక్షణా వద్దు, మాత్రా వద్దు, తన నోరే మందన్నాడు. తన కొడుకు ఇంతకాలానికి ఒక తెలివైన మాటన్నాడని అత్త మురిసిపోయింది.

మర్నాటి నుంచి ఇల్లంతా కోతే. పళ్లు తోమేటప్పుడు కోత, తిండి దగ్గర కోత, పలక ముందు కోత. మొదట్లో మంత్రం వేసినట్టే పనిచేసింది. ఆమెకీ లోలోపల చల్లగా అనిపించింది. మాత్ర అంటే ఆమెకి గుండెల్లో రాయి. మింగాక తన బొంగరం తిరగడం మానేసి ఎవరి పిల్లో అయిపోతుందేమోనని దిగులు. అందుకే జడ వేసేటప్పుడు తనూ చెవి దగ్గర మెల్లగా కోత అనడం మొదలుపెట్టింది.

రానురాను ఆ కేక అరిగిపోయింది. ఒక్కసారికి ఆగే పిల్ల రెండోసారికి ఆగింది, తర్వాత ఆగినట్టే ఆగి తుర్రుమంది. అతను గొంతు పెంచాడు. గొంతు పెరిగేకొద్దీ పిల్ల చెవులు మొద్దుబారాయి.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాల్సిన రోజు దగ్గరపడింది. ఆ మధ్యాహ్నం అతను బల్ల మీద పెద్ద అద్దం పరిచి కేకేశాడు. అత్త గరిటె ఆగింది. ఆమె సుత్తి ఆగింది. పరదా మాత్రం కదిలింది. బొంగరం దూసుకొచ్చి, బల్ల కింద దూరి, అవతల లేస్తూ తండ్రి మోచేతిని తలతో గుద్దింది. కట్టర్ పక్కకి జారింది, అద్దం బల్ల అంచు దాటి ఒరిగింది. పడే అద్దాన్ని పట్టుకోకూడదన్నది ఆ పనిలో మొట్టమొదటి పాఠం. అతను పట్టుకున్నాడు. కింద పిల్ల ఉంది.

పిల్లకి చిన్న గీరైనా పడలేదు. అతని అరచేతికి కుట్లు పడ్డాయి. ఆమె పెంకులు ఊడుస్తూ, చీపురుకి అంటిన నెత్తురు చూస్తూ, మాత్రే నయమనుకుంది. ఎవరి పిల్లో అయిపోయినా బతికి ఉంటే చాలు.

డాక్టరమ్మ గదిలో అతను కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కూర్చుంటూనే మాత్ర రాసిచ్చెయ్యమన్నాడు. అత్త తలాడించింది. బొంగరం తిరిగే కుర్చీ ఎక్కి తిరుగుతోంది. చేతికేమైందని డాక్టరమ్మ అడిగితే అతను అద్దం జారిందన్నాడు. ఆమె కోత కేక సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసింది, జడ వేస్తూ తనూ ఆ మాట వాడిన సంగతితో సహా.

డాక్టరమ్మ పెన్నుకి మూత పెట్టేసింది.

"మీ కేకకి అదెందుకు ఆగేదో తెలుసా? ఎప్పుడో ఒకసారి వినపడేది. దాంతోపాటు ఇల్లంతా ఆగేది. మళ్లీ వెంటనే వదిలేసేవారు. అంతసేపు ఇలాంటి పిల్లలూ ఆగగలరు. రోజంతా ఆగమంటేనే వాళ్ల వల్ల కాదు. నేను నేర్పాలనుకున్నది మీ ఇంట్లోనే ఉండేది, మీరే అరగదీశారు."

అయితే ఇప్పుడు మాత్రే దారి కదా అన్నాడతను. మాత్ర పాపం కాదంది డాక్టరమ్మ. అవసరమైతే ఆకలీ నిద్రా బరువూ చూసుకుంటూ తనే ఇస్తుందట. కానీ మాత్ర మింగిన పిల్లకైనా పరదా పరదాయే, అద్దం అద్దమేనంది. ముందు అక్కడ గట్టి తలుపు పెట్టమంది. కొన్నాళ్లు ఇద్దరూ వచ్చి నేర్చుకుంటే, చాలిందో లేదో చూసి మిగతాది తేల్చుకోవచ్చంది.

"తలుపు రేపే పెట్టిస్తా," అన్నాడు. "వారం వారం పని మానుకుని పాఠాలకి రావాలంటే మాత్రం కుదరదండీ. వాళ్లమ్మ వస్తుంది. మీరు మాత్ర రాయండి."

ఒక్కరు నేర్చుకుంటే ఆ ఇంట్లో రెండు రకాల మాటలవుతాయి, పిల్ల ఏది వినాలని అడిగింది డాక్టరమ్మ. అత్త అందుకుంది. మగవాడు కొట్టు వదిలి బడికెళ్తే ఊరు నవ్వదా అంది. ఇప్పటికే మేడ మీదావిడ నోటికి అడ్డూ ఆపూ లేదంది.

మాత్రే నయమనుకుని వచ్చిన ఆమెకి మాత్ర ఒక్కటే పిల్లని అద్దాల నుంచి కాపాడదని తెలిసొచ్చింది. ఇప్పుడు తిరిగే కుర్చీని ఒక చేత్తో ఆపి, పిల్లని దించి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. మొగుడి వైపు తిరిగింది.

"నిజంగానే కుదరదా మీకు?"

"కొట్టుంది కదే."

"అయితే కొట్టు ఎత్తెయ్యండి."