రూపో తలమీది రాయి

కత్తి ఎత్తే ముందు రోకోవి ఎప్పటిలాగే వేలితో బెరడు తట్టి చూశాడు. పొగమంచు ఇంకా లోయలోనే ఉంది. వాలంతా రూపో చెట్లు ఆకులు రాల్చి నిలబడ్డాయి. కొమ్మల చివర చిట్టి ఎండుకాయలు. తలెత్తున నరికిన పాత మొండాలు బుడిపెలు కట్టి పిడికిళ్లలా ఉన్నాయి. అవన్నీ అతని చేతిపనే. అతను నరికిన చోటల్లా కొత్త కొమ్మలు లేచాయి, కింద పంట పండింది.

ఈ చెట్టుకు మాత్రం ఇదే మొదటి నరుకు. చీలిందా, చచ్చినట్టే. మేనకోడలు మెదోనువో పొలంలో మిగిలిన రూపో ఇదొక్కటే. ఇదీ పోతే నేలలో సారం పోతుంది, వానకు మట్టి జారుతుంది. నిరుడు ఇక్కడున్న ఇంకో రూపో అతని చేతిలోనే చీలింది. ఆ మాట ఇద్దరూ ఎత్తరు.

"మామా, కత్తి ఇటియ్యి," అంటూ మెదోనువో దగ్గరికొచ్చింది. "నీ చెయ్యి కోడిరెక్కలా కొట్టుకుంటోంది."

"నోర్ముయ్యవే. నువ్వు నరికితే చెట్టు కాదు, నీ కాలు తెగుద్ది."

"తెగితే మోసుకెళ్దువులే, పెద్ద వస్తాదువి!"

నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు ఆగాక చెట్టు వంక చూశాడు, తర్వాత తన చేతి వంక. కత్తి తిప్పి పిడి ఆమెకు అందించాడు. ఇన్నేళ్లలో ఎవరికీ ఇవ్వలేదు.

"ముందు కింది నుంచి గాటు పెట్టు. తర్వాతే పైనుంచి. లేదంటే బెరడు నిలువునా ఊడొస్తది."

పై గట్టుకు ఆనుకుని ఎండలో కూర్చున్నాడు. ఒళ్లో వాగులో ఏరి తెచ్చిన పలకరాయి. మొండెం మీద బురద మెత్తి రాయి పెడితే తల ఎండదు, పక్కల నుంచి చిగుళ్లొస్తాయి.

దెబ్బ మీద దెబ్బ. చెట్టు వాలు వైపు ఒరిగి కూలింది. మొండెం చీలలేదు. తెల్లటి చెక్క, ఏ రూపో నరికినా అయ్యేట్టే, చూస్తుండగానే ఎరుపెక్కింది.

"మామా! చిన్న బీట కూడా లేదు!"

"చూశానే. నాకంటే బాగా కొట్టావు. ఊళ్లో చెప్పకు."

ఆమె నవ్వుతూ బురద మెత్తింది. "ఇక రాయి ఇయ్యి."

బురద చేతులు చాచి వెనక్కి తిరిగింది.

"ఏయ్ మామా, నిద్రా?"

దగ్గరికెళ్లి భుజం తట్టింది. తల మెల్లగా పక్కకు వాలింది. మొహంలో నవ్వు ఇంకా పోలేదు.

ఆమె చాలాసేపు అతని పక్కనే కూర్చుంది. తర్వాత అతని చేతుల్లోంచి రాయి తీసుకుంది. వెచ్చగా ఉంది. దాన్ని మొండెం మీద పెట్టి, అదిమి, అప్పుడు ఊరివైపు పరుగెత్తింది.

తొలి వానలకు చుట్టూ చిగుళ్లు పొడిచాయి. వాటి నడుమ, తడిసి నల్లబడి, రోకోవి ఏరిన పలకరాయి.