వెనక్కి తీసుకున్న అప్పీలు

చివరి బంతి మిగిలింది, వాళ్ళకు చివరి వికెట్టూ అదే. బౌలింగ్ నాది. రెండు పరుగులు తీస్తే వాళ్ళు గెలుస్తారు, ఒక్కటి తీస్తే సమం. దేశం తరఫున నాకిదే మొదటి మ్యాచ్, అదీ మా బెంగళూరులో. బొమ్మనహళ్ళి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో సెలవు పెట్టి వచ్చి స్టాండులో కూర్చుంది మా అమ్మ. కూతురి పేరు నలుగురూ మెచ్చుకుంటుంటే వినాలని ఆమె ఆశ.

నా పక్కనున్న వాళ్ళ రన్నర్ ఉంది చూశారూ, నా చెయ్యి లేచేలోపే రెండడుగులు ముందుకు పోతుంది. గీత దాటొద్దని ఓవర్ మొదట్లోనే చెప్పాను. నవ్వి ఊరుకుంది. నాకు ఒళ్ళు మండింది.

పరుగెత్తుకొచ్చాను. మళ్ళీ దాటింది. బంతి వెయ్యకుండా నా పక్క వికెట్లు పడగొట్టి అప్పీలు చేశాను. రూలు ప్రకారం అది అవుటే.

మన జనమే కొందరు "చీటింగ్, చీటింగ్" అని మొదలుపెట్టారు. అమ్మ తల దించుకుంది. కెప్టెన్ షారోన్ అక్క పరుగున వచ్చింది.

"వద్దు ఆశా, వెనక్కి తీసుకుంటున్నా. ఇలా గెలిస్తే రేపు మొహాన ఉమ్మేస్తారు."

"ఆయమ్మ దొంగపరుగు తీస్తా ఉండాదక్కా. నన్నెందుకు దొంగను చేస్తావు?"

"కెప్టెన్ని నేను. బంతి వెయ్యి."

అంపైర్ రన్నర్‌ను ఉండమన్నాడు. స్టేడియమంతా అక్కకు చప్పట్లు. కోపంతో నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

మళ్ళీ వేశాను. ఈసారి ఆ రన్నర్ బంతి నా చెయ్యి వదిలేదాకా గీత లోపలే నిలబడింది. బంతి బ్యాటుకు తగల్లేదు. అయినా ఇద్దరూ పరుగు తీశారు. కీపర్ విసిరింది. వికెట్లు ఎగిరేసరికి రన్నర్ గీతకు జానెడు దూరంలో ఉంది. ఒక్క పరుగుతో గెలిచాం.

పోతూ పోతూ ఆ రన్నరే నాతో అంది, నువ్వు భయపెట్టకపోతే చేరేదాన్నని. అక్కకు చెప్పాను. "సరేలే, గెలిచాం కదా," అంది.

తర్వాత మైకు అక్క చేతికిచ్చి, ఆమె పెద్దమనసును పొగిడారు. "ఆశ చిన్నది, ఆవేశంలో చేసింది. నేర్చుకుంటుంది," అని నవ్వింది అక్క. మళ్ళీ చప్పట్లు.

గేటు దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఎంత మంచిది పాపా ఆయమ్మ. అంతమంది ముందర నీ తప్పు కడుపులో పెట్టుకునింది. పోయి క్షమించమని ఒక మాట అడుగు."

"తప్పు నాది కాదమ్మా," అన్నాను.

అమ్మ నమ్మలేదు.