నల్ల రంగు కింద అతుకు

ఆ ఎడారిలో చలికాలం గడపడానికి, ట్రక్కుల వెనక ఇళ్ళలాంటి ట్రైలర్లు తగిలించుకుని వచ్చే జనంలో వెండెల్ ప్రూయిట్ మాటకి ఎదురుండేది కాదు. ముప్పై నాలుగేళ్ళు ఓడల కార్ఖానాలో వెల్డింగ్ పని చేసి రిటైరైన మనిషి. నవంబరులో ఆ ఎడారి ఊరు క్వార్ట్‌సైట్ చేరి, ట్రైలర్ పక్కన నీడకి ఓ గుడ్డ కట్టి, దాని కింద వెల్డింగ్ మిషన్ పెట్టాడంటే చాలు, మెట్టు విరిగినవాళ్ళూ తలుపు కీలు ఊడినవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు వచ్చేవాళ్ళు. చేసిన పనికి ఏమీ పుచ్చుకునేవాడు కాదు. మెచ్చుకోలు మాత్రం ఎంత పెట్టినా కాదనేవాడు కాదు.

రెండేళ్ళుగా అతని కళ్ళు అతన్ని మోసం చేస్తున్నాయి. కంటి వెనక పొర చెడుతోందని డాక్టరు చెప్పాడు. తిన్నగా ఉన్న కరెంటు స్తంభం కూడా నీళ్ళలో నీడలా వంకర్లు పోయి కనిపించేది. ముందు కుడికన్ను, తర్వాత ఎడమది. ఫీనిక్స్ వెళ్ళి వైద్యం మొదలుపెట్టమంటే వచ్చే ఏడు చూద్దామన్నాడు. ఈ సంగతి భార్య నోరీన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ట్రక్కు ఆవిడే నడిపేది. ఎవరైనా అడిగితే ఆవిడకి నడపడం సరదా అని చెప్పేవాడు.

ఆ ఫిబ్రవరిలో ఓపల్ స్ట్రీటర్ అతని దగ్గరికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. భర్త పోయాక చిన్న ట్రైలర్ ఒకటి తగిలించుకుని ఒక్కతే ఊళ్ళు తిరుగుతూ, పాత ఇనుప కుట్టుమిషన్లు కొని, బాగుచేసి, సంతల్లో అమ్ముకునేది.

"వెండెల్, మిషన్లు పెరిగిపోయి నా మంచమెక్కి కూచున్నాయి. నేనే వాటి పక్కన అద్దెకున్నట్టుంది. ట్రైలర్ ముందు సామాను పెట్టుకునే ఇనుప క్యారియర్ ఒకటి బిగించి పెడతావా? జనరేటరు, రెండు చెక్కపెట్టెలు పడితే చాలు."

"అదెంత పని? పొద్దున మొదలెడితే భోజనం వేళకి అయిపోతుంది."

"మారిసోల్ ఏమంటోందంటే, ట్రైలర్ ముందువైపు బరువు పెరిగితే దాన్ని లాగే ట్రక్కు వెనక కుంగుతుందట. ముందు తూకం వేయించుకోమంది."

మారిసోల్ ఉరియాస్ నాలుగు ట్రైలర్ల అవతల ఉండేది. యూమా చుట్టుపక్కల ఆకుకూర పొలాల్లో కోత యంత్రాలకి పాతికేళ్ళు వెల్డింగ్ చేసింది. వెండెల్ కుర్చీలో వెనక్కి వాలి, చుట్టూ కాఫీ తాగుతున్నవాళ్ళకి కూడా వినిపించేలా అన్నాడు:

"ఆకుకూరలు కోసే కత్తులు అతికినావిడ నాకు పాఠం చెబుతోందా? నేను అతికిన ఓడలు తుఫాన్లు చూశాయి తల్లీ!"

అందరూ నవ్వారు. ఓపల్ కూడా నవ్వింది. దూరంగా బట్టలు ఆరేస్తున్న మారిసోల్‌కి ఆ మాట వినిపించే ఉంటుంది. ఆవిడ తల తిప్పలేదు.

శనివారం పొద్దున్నే పని మొదలైంది. ట్రైలర్ ముందున్న త్రికోణపు చట్రం మీంచి గ్యాస్ సిలిండర్లు విప్పి దూరంగా పెట్టించాడు. బ్యాటరీ తీగలు ఊడదీశాడు. క్యారియర్ ఎక్కడ కూర్చోవాలో కొలిచాడు. మలుపు తిరిగేటప్పుడు మూల వెళ్ళి ట్రక్కుకి కొట్టుకోకూడదు, జాకీ పిడి తిరగడానికి చోటుండాలి, సిలిండర్ల మూత తెరుచుకోవాలి. టేపు మీద అంకెలు నోరీన్ చదివింది. అతను చేత్తో తడిమి సరిచూసుకున్నాడు. ఈ పనంతా నిజంగానే బాగా చేశాడు. ముప్పై నాలుగేళ్ళ అనుభవం వేళ్ళలో ఉంది.

తర్వాత ముసుగు దించుకుని అతకడం మొదలుపెట్టాడు. క్యారియర్‌ని చట్రానికి పట్టి ఉంచే రెండు ఊతల్లో కుడివైపుది చక్కగా వచ్చింది. ఎడమవైపుకి వచ్చేసరికి నల్లద్దంలోంచి కరిగిన ఇనుము ఒకచోట కాక రెండుచోట్ల కనిపించింది. చట్రానికీ ఊతకీ మధ్య సందు పాములా మెలికలు తిరిగింది. ఆగి, ఊపిరి పీల్చుకుని, అంచనాతో చెయ్యి నడిపించాడు.

ఇనుము చల్లారాక చేతితొడుగు తీసి బొటనవేలితో రాసి చూశాడు. రెండు మూడంగుళాల మేర అతుకు సందులో పడనే లేదు. పక్కకి జారి, ఉత్త ఊత మీదే గట్టులా కూర్చుంది. కింద సందు సందులాగే ఉంది. అది తను గ్రైండరుతో అరగదీసి మళ్ళీ వెయ్యాల్సిన అతుకు. ఓడల కార్ఖానాలో తన కింద పనిచేసేవాడు అలాంటిది వేసి ఉంటే ఆ పూటే ఇంటికి పంపేసేవాడు.

వెనకాల చప్పట్లు వినిపించాయి. భోజనాలకి బల్లలు సర్దేశారు. ఓపల్ పీచ్ పళ్ళతో ఏదో తియ్యగా వండి తెచ్చింది. "అయిందా గురువుగారూ?" అని రాయ్ డాల్‌క్విస్ట్ కేక పెట్టాడు. మళ్ళీ వేస్తానంటే, ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి.

వెండెల్ నల్ల రంగు డబ్బా అందుకుని ఎడమవైపు ఊత మీద దట్టంగా కొట్టాడు. ఆరాక ఇంకోసారి కొట్టాడు.

"గట్టిగా ఉంటుందంటావా?" అంది ఓపల్.

"చూడు" అని అతను క్యారియర్ ఎక్కి రెండుసార్లు ఎగిరాడు. జనం ఈలలు వేశారు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి గంతులేస్తుంటే ఓపల్ పొట్ట పట్టుకుని నవ్వింది. అతను ఎగిరింది కుడివైపు. కావాలనే కుడివైపు ఎగిరాడు.

మార్చి రెండోవారం ఓపల్ బయల్దేరింది. ఆ మధ్యాహ్నమే నోరీన్‌కి ఆవిడ నుంచి ఫోను వచ్చింది. వికెన్‌బర్గ్ వెళ్ళే దారిలో రైలుపట్టాలు దాటుతుండగా క్యారియర్ ఒకవైపు ఊడి రోడ్డు మీద పడింది. చెక్కపెట్టెలు పగిలాయి. ఇనుప మిషన్లు రోడ్డంతా దొర్లాయి. వెనక మోటారుసైకిలు మీద వస్తున్నతను వాటిని తప్పించబోయి గోతిలో పడ్డాడు. భుజం ఎముక, చెయ్యి విరిగాయి. పోలీసు వచ్చి, మితిమీరిన బరువు ఎక్కించిందని ఓపల్ మీద జరిమానా కాగితం రాశాడు.

మర్నాడు ఆవిడ ట్రైలర్‌ని వేరే బండికి కట్టి ఎడారికే తీసుకొచ్చారు. విరిగిన క్యారియర్‌ని లోపల పడేశారు. సాయంత్రం కుర్చీలన్నీ చేరాయి.

"ఆ వయసులో అంతంత ఇనుము మోసుకు తిరగడమేమిటి?" అన్నారెవరో.

"వెండెల్ అతుకు విరిగిందంటే ఏనుగుని ఎక్కించి ఉండాలి" అన్నాడు రాయ్. "ఏమంటావు వెండెల్?"

అందరూ అతని వైపు చూశారు. మాట్లాడకుండా ఊరుకుని ఉంటే అదొక తప్పు. అతను ఊరుకోలేదు.

"ఎంత బరువెక్కించిందో నాకేం తెలుసు" అన్నాడు.

ఆ మాట నోట్లోంచి వచ్చాక నాలుక మీద తుప్పు రుచి తగిలింది. కాఫీ తాగినా పోలేదు. మారిసోల్ తన కుర్చీ మడుచుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు పొద్దున ఓపల్ వచ్చి వెండెల్ ట్రైలర్ తలుపు తట్టింది. రెండు రోజుల్లో మొహం పీక్కుపోయింది. లోపలికి వచ్చి బెంచీ అంచున కూర్చుంది.

"నన్ను క్షమించు వెండెల్. నువ్వు అంత శ్రమపడి చేసి పెట్టింది పాడుచేశాను."

"అబ్బే, అదేం మాట..."

"కాదు, నా మాట విను. ఆ పడినతను గుర్రాలకి నాడాలు కొట్టేవాడట. ఇప్పుడు ఎప్పటికి సుత్తి పట్టగలడో తెలీదంటున్నారు. నా చేజేతులా చేశాను. రెండు మిషన్లు ఎక్కువ పెట్టానేమో. మారిసోల్ తూకం వేయించమంది, నేను వినలేదు. ట్రైలర్ అమ్మేసి టల్సాలో చెల్లెలి దగ్గరికి పోతాను. ఇక రోడ్డెక్కను." ఆవిడ కళ్ళు తుడుచుకుని తల ఎత్తింది. "ఒక్కటి చెప్పు. ఎంత బరువు వరకు ఆగేది? నేనెంత తప్పు చేశానో తెలిస్తే కాస్త నయంగా ఉంటుంది."

వెండెల్ టేబుల్ మీద ఉప్పు బుడ్డి వైపు చూశాడు. ఆవిడ ఎక్కించినదానికి రెండింతలు ఆగి ఉండాలి, సరిగ్గా అతికి ఉంటే. ఆ జవాబు అతనికి తెలుసు.

"నువ్వు వెళ్ళి కాసేపు పడుకో ఓపల్" అన్నాడు.

ఆవిడ "థాంక్స్" చెప్పి మరీ వెళ్ళింది. అదే అతన్ని నిలువునా కోసింది.

సింకు దగ్గర నోరీన్ కుళాయి కట్టేసింది. వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది.

"అతుకు తడుముతూ నీ వేలు ఆగిపోవడం ఆరోజు నేను చూశాను."

ఆవిడ చేతులు తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"చూసి కూడా సలాడ్ కలుపుకుంటూ ఉండిపోయాను. నీ పరువు కదా అనుకున్నాను. ఇప్పుడు ఆవిడ వచ్చి నిన్ను క్షమాపణ అడిగిపోయింది. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

నలభై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ ఆ గొంతుతో మాట్లాడటం అతను వినలేదు. టోపీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

ఓపల్ ట్రైలర్ ముందు మారిసోల్ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. విరిగిన ఊత ముందేసుకుని, రంగు కరిగించే నూనెలో తడిపిన గుడ్డతో దాన్ని తుడుస్తోంది. సగం వరకు ఇనుము బయటపడింది. కొత్తవాళ్ళకైనా తెలిసిపోయేంత స్పష్టంగా ఉంది ఆ సందు. ఆవిడ అతన్ని చూసింది. ఎగతాళి చేస్తుందనుకున్నాడు. చేసి ఉంటే బాగుండేది. ఆవిడ లేచి పక్కకి జరిగి దారిచ్చింది, అంతే.

ఓపల్ మెట్టు మీద కూర్చుని కప్పు పట్టుకుని ఉంది.

"తప్పు నీది కాదు" అన్నాడు వెండెల్. "ఎడమవైపు అతుకు పడలేదు. నాకు కళ్ళు సరిగ్గా కనిపించవు. రెండేళ్ళయింది. అతుకు పడలేదని ఆరోజే తెలుసు. రంగేసి కప్పాను."

"తెలుసా?" అంది ఓపల్.

"తెలుసు."

"దాని మీద ఎగిరావు కదా. నేను చూశాను. నవ్వాను కూడా."

"కుడివైపు ఎగిరాను."

ఆవిడకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కప్పు కింద పెట్టింది. లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. అతను ఎండలో అలాగే నిలబడ్డాడు. వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆవిడ చేతిలో ఫోను, పోలీసు ఇచ్చిన కాగితం ఉన్నాయి.

"నిన్నంతా నేను ఆ మనిషి చెయ్యి విరగ్గొట్టాననే అనుకుంటూ కూచున్నాను. నువ్వు అక్కడే, వంద అడుగుల దూరంలో కాఫీ తాగుతూ కూచున్నావు." ఆవిడ గొంతు పెంచలేదు. "ఇదిగో నంబరు. నా ఎదురుగా చెప్పు. ఒక్క ముక్క వదలొద్దు."

వెండెల్‌కి అంకెలు కనిపించకపోతే మారిసోల్ నొక్కి ఇచ్చింది. అవతల పోలీసు అధికారి నిదానంగా రాసుకునే రకం. పేరు అక్షరం అక్షరం చెప్పించుకున్నాడు. "అతుకు చెడిపోయిందని తెలిసీ రంగు వేశారు, అంతేనా?" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అంతేనని చెప్పాల్సి వచ్చింది. అప్పటికి రాయ్, ఇంకో ఇద్దరు అటు వచ్చి నిలబడ్డారు. వెండెల్ గొంతు తగ్గించుకోలేదు. రాయ్ తన బూట్ల వైపు చూసుకుంటూ వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆ గురువారం నోరీన్ ట్రక్కు నడుపుతుంటే వికెన్‌బర్గ్ వెళ్ళాడు. నాడాలు కొట్టేతని పేరు టోబిన్ గ్రేడీ. వరండాలో చెయ్యి ఛాతీకి కట్టుకుని కూర్చున్నాడు. పెరట్లో ఒక గుర్రం కాలు మార్చి మార్చి వేస్తోంది. వెండెల్ చెప్పినదంతా విన్నాడు.

"చెప్పడానికి వచ్చావు, మంచిదే" అన్నాడు టోబిన్. "కానీ పెద్దాయనా, నువ్వు వచ్చినందువల్ల నాకు ఒరిగిందేం లేదు. ఇక వెళ్ళు."

నోరీన్ ట్రక్కు వెనక్కి తిప్పింది. క్షమిస్తాడేమో అని తను లోలోపల ఆశపడుతూ వెళ్ళాడని వెండెల్‌కి అప్పుడు తెలిసింది. దానికీ సిగ్గేసింది.

క్యారియర్ మళ్ళీ బిగించింది మారిసోల్. ఈసారి వెల్డింగ్ కాదు. చట్రానికి పైనా కిందా దళసరి ఇనుప పలకలు పెట్టి బోల్టులతో పట్టించింది. వెండెల్ అడక్కుండానే వెళ్ళి దగ్గర నిలబడ్డాడు.

"ఊరికే నిలబడకపోతే టేపు ఆ చివర పట్టుకుని ఎంతొచ్చిందో చెప్పు" అంది ఆవిడ.

"పట్టుకుంటాను. అంకెలు కనపడవు. నోరీన్‌ని పిలువు."

పది మంది వింటుండగా అన్నాడు. ఒకరిద్దరు, లోకంలో ఇంకో పనేదో గుర్తొచ్చినట్టు, తమ ట్రైలర్ల వైపు నడిచారు. ఆ తర్వాత అతని నీడగుడ్డ కిందికి విరిగిన మెట్టు పట్టుకుని ఎవరూ రాలేదు. వెల్డింగ్ మిషన్ మారిసోల్‌కి ఇవ్వబోయాడు. ఆవిడ తన దగ్గర మంచిది ఉందని వద్దంది.

ఓపల్ టల్సా వెళ్ళలేదు. పోలీసు రాసిన కాగితం రద్దయింది. ఏప్రిల్‌లో మిగిలిన మిషన్లు ఎక్కించుకుని, లారీలు తూచే చోట ట్రైలర్‌ని తూకం వేయించుకుని, ఉత్తరానికి వెళ్ళింది. వెళ్ళేముందు నోరీన్‌ని కావిలించుకుంది. వెండెల్ వీడ్కోలుగా చెయ్యి ఎత్తాడు. ఆవిడ ట్రక్కు అద్దం సర్దుకుంటోంది. చూసిందో లేదో తెలియదు.

వేసవిలో అతను వైద్యం మొదలుపెట్టాడు. నెలకోసారి కంట్లోకి సూది. చెడిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది నిలుస్తుందేమో చూద్దామనీ డాక్టరు చెప్పాడు.

నవంబరులో మళ్ళీ అందరూ ఎడారి చేరారు. ఓపల్ ఈసారి ఎండిపోయిన వాగు అవతల దిగింది. పొద్దున్నే నోరీన్‌తో నడకకి వచ్చేది. వెండెల్ ఎదురైతే తల ఊపేది, అంతకుమించి లేదు. డిసెంబరులో ఒకరోజు అతను నీళ్ళ డబ్బా మోసుకొస్తుంటే ఆవిడ ఆగింది.

"కంట్లో సూది వేయించుకుంటున్నావటగా."

"అవును."

"నొప్పిగా ఉంటుందా?"

"ఉంటుంది."

"ఉండనీ" అంది ఓపల్. అతని చేతిలో డబ్బాకి రెండోవైపు పట్టుకుంది. ఇద్దరూ దాన్ని అతని ట్రైలర్ దాకా మోశారు. అక్కడ దించేసి, ఆవిడ వాగు దాటి వెళ్ళిపోయింది.